పరుపులో దాగిన మందు



సోఫాలకు, పరుపులకు, పిల్లల వస్తువులకు నిప్పంటుకోకుండా కొన్ని రసాయనాలు కలుపుతారు. ఈనాటి మన విషయం వాటి గురించి, వాటి మీద వచ్చిన చట్టాల గురించి. దీనితో మనకేం పని అంటారేమో! మన సరిహద్దు జిల్లాల్లో బొంబాయితో సంబంధం లేని ఊరు అరుదు కదా. మన పెద్దలు ఫాక్‌లాండ్ రోడ్డు అనే వీధికి పఠ్ఠే బాపూరావ్ మార్గ్ అని పేరు మారి చాలా కాలమైంది. దాన్ని ఆనుకునే కామాఠిపురా ఉంది. నిజాం ఇలాకా నుంచి కట్టుబడి పనులకు వెళ్ళిన తెలుగు కామాఠీల వల్లనే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. అక్కడి చాళ్ళలో ఒక్క గదే వంటిల్లు, అదే పడకటిల్లు. పొయ్యికీ పరుపుకీ మధ్య రెండడుగుల ఎడం ఉంటే గొప్ప. కాస్త దూరం నడిస్తే చోర్ బజార్ వస్తుంది. అక్కడ పాత సోఫాలు, పాత సామాన్లు అమ్ముతారు. అలాంటి సామాను లారీ మీద మన ఊరికి చేరడం మీలో కొందరు చూసే ఉంటారు.

పూర్వం పరుపు అంటే దూది పరుపే. దూదేకులవారు వచ్చి ఏకి, కుట్టి ఇచ్చేవారు. ఇప్పుడు ఫోమ్ వచ్చింది. దీని అసలు పేరు పాలీయూరిథేన్. దూదికి నిప్పు తగిలితే నెమ్మదిగా రగులుతుంది, ఫోమ్ భగ్గుమంటుంది. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ అనే విషవాయువులు ఉంటాయి. 1979 మే నెలలో ఇంగ్లండులో, మాంచెస్టర్‌లోని ఊల్‌వర్త్స్ దుకాణంలో ఫోమ్ సామాను అంటుకుని పదిమంది చనిపోయారు. కాబట్టి నిప్పు భయం వట్టి భయం కాదు. ఒక్క తలుపున్న గదిలో పిల్లలతో పడుకునేవారికి అసలే కాదు.

ఇదే భయంతో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1975లో ఒక నిబంధన పెట్టింది. సోఫా లోపలి ఫోమ్ 12 సెకన్ల పాటు చిన్న మంటకు తట్టుకోవాలన్నారు. తయారీదారులు బ్రోమిన్, క్లోరిన్ ఉన్న మందులు కలిపారు. మంట సాగడానికి కావలసిన రసాయన చర్యను బ్రోమిన్ మధ్యలో తుంచేస్తుంది. బాగానే ఉంది. కాని ఇంట్లో నిప్పు ముందు అంటుకునేది పైగుడ్డకు. గుడ్డ మంట పెద్దదయ్యాక లోపలి మందు చేయగలిగింది తక్కువ. ఈ సంగతి గ్రహించి ఆ పరీక్షను మార్చేసరికి 2013 వచ్చింది.

ఈలోగా ఆ మందు ఎక్కడికి పోయింది? ఎక్కువ రకాలు ఫోమ్‌తో గట్టిగా కలిసిపోవు. కచ్చా రంగు బట్ట నుంచి చేతికి అంటినట్టు మెల్లగా బయటికి వచ్చి ఇంటి దుమ్ములో చేరతాయి. ఆ దుమ్ములో పాకేది ఎవరు? పసిపిల్లలు. వాళ్ళ చేయి నోట్లోకి పోకుండా ఆపగల తల్లి ఉందా! అవి ఒంటి కొవ్వులో నిలిచిపోతాయి. 1972 నుంచి 1997 వరకు స్వీడన్‌లో దాచిన తల్లిపాల నమూనాలు పరీక్షిస్తే, ఈ బ్రోమిన్ మందుల మోతాదు సుమారు అయిదేళ్ళకోసారి రెట్టింపవుతూ వచ్చిందని తేలింది. వీటిలో కొన్ని థైరాయిడ్ హార్మోను పనికి అడ్డుపడతాయి. పిల్లల మెదడు ఎదుగుదలకు ఆ హార్మోను అవసరం.

రైతు సోదరులకు ఒక కథ చెప్పాలి. 1973లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఒకే కంపెనీ పశువుల దాణాలో కలిపే మెగ్నీషియం ఆక్సైడు, నిప్పును ఆపే బ్రోమిన్ మందు రెండూ తయారుచేసేది. వాటి పేర్లు దాదాపు ఒకేలా ఉండేవి. బస్తాలు మారిపోయాయి. మందు దాణాలో కలిసింది. ఆవులు మేత మానేసి, పాలు తగ్గి చిక్కిపోయాయి. కారణం తెలిసేసరికి పాలు, మాంసం, గుడ్లు జనం కడుపుల్లోకి వెళ్ళిపోయాయి. వేలాది పశువులను చంపి పాతిపెట్టవలసి వచ్చింది.

చట్టాల సంగతికొస్తే, పిల్లల రాత్రి దుస్తులకు అద్దే ట్రిస్ అనే మందు క్యాన్సర్ తెచ్చేదని 1977లో అమెరికా నిషేధించింది. స్టాక్‌హోమ్ ఒప్పందం కింద 2009లో కొన్ని బ్రోమిన్ మందులు నిషేధ జాబితాలో చేరాయి. మన కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో నియమాలు తెచ్చి ఏడు మొండి రసాయనాల తయారీ, వాడకం, దిగుమతి ఆపింది. మిషిగన్ ఆవులను తిన్న మందు ఆ ఏడింటిలో ఒకటి. మంచిదే. కాని ఒకటి పోతే దాని చెల్లెలు వస్తుంది! పేరు మారుతుంది, గుణం మారదు. అందుకే కాలిఫోర్నియా 2020 నుంచి పిల్లల సామానులో, సోఫాల్లో, పరుపు ఫోమ్‌లో ఈ కుటుంబాలను మొత్తంగా ఆపింది. కిలోకు ఒక గ్రాము మించకూడదు. మనకూ అలాంటి నియమం కావాలని నా అభిప్రాయం. మన బజారులో పరుపు చీటీ మీద ధర, కొలత కనిపిస్తాయి గాని, లోపల ఏ మందు ఉందో సాధారణంగా కనిపించదు.

ఆటవస్తువులది వేరే దారి. పాత టీవీ, కంప్యూటర్ల నల్ల ప్లాస్టిక్‌లో ఈ మందు ఉంటుంది. దాన్ని కరిగించి బొమ్మలు పోస్తారు. 2017లో 26 దేశాల్లో కొన్న రంగుల ఘనాలు, ఇతర బొమ్మలు పరీక్షిస్తే ఎక్కువ వాటిలో బ్రోమిన్ మందు దొరికింది. బొమ్మకు మంటతో ఏం పని చెప్పండి! మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి. గుర్తు లేని నల్ల బొమ్మను, ముఖ్యంగా నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు, కొనకండి.

ఫోమ్ పరుపు ఉంటే ముందు పొయ్యికి, దోమల చుట్టకు, అగరువత్తికి దూరంగా జరపండి. మందు ఉందన్న ధీమాతో ఊరుకోవద్దు. చీపురుతో ఊడ్చి దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి. అన్నానికి ముందు పిల్లల చేతులు సబ్బుతో కడగండి. ముట్టుకుంటే పొడిలా రాలే పాత ఫోమ్‌ను చింపి పిల్లల దిండ్లలో కూరకండి. మరొక మాట. కాముని దహనానికో, భోగిమంటకో పాత ఫోమ్ పరుపు, పాత టీవీ డొక్కు తెచ్చి వేయడం కొన్నిచోట్ల కనిపిస్తోంది. బ్రోమిన్ మందు కాలితే డయాక్సిన్ల జాతి విషాలు పుడతాయి. అవి ఆ పొగలో, మిగిలిన బూడిదలో ఉంటాయి. ఆ బూడిద బొట్టు పెట్టుకునే ఆచారం ఉన్న ఊళ్ళలో ఆ రాత్రి మంటలోకి కట్టెలు, పిడకలు మాత్రమే వెళ్ళేలా చూడండి.