పాత జీపులో జడత్వము

గోదావరిఖనిలో భూగర్భ గనిలోనికి దిగు కార్మికుడు రెండు నియమములకు లోబడి దిగును. మొదటిది, గని ముఖద్వారమువద్ద అతని జేబులు వెదకుదురు. బీడీకట్టగాని అగ్గిపెట్టెగాని ఉన్నచో అచ్చటనే విడువవలెను. రెండవది, తలపై గట్టి టోపీ లేనిదే అతనిని లోనికి పోనీయరు. రెండును ఒకే ద్వారమువద్ద అమలగుచుండుటచే ఒకే తీరు నియమములని తోచును. కాని వీని స్వభావము వేరు. గనిలో బీడీ ముట్టించినచో మీథేను వాయువు అంటుకొని ఆ షిఫ్టులోనివారందరును ప్రాణములు కోల్పోవచ్చును. కావున బీడీ నియమము తోటివారికొరకు ఏర్పడినది. టోపీ లేనివానిపై బొగ్గుపెళ్ళ పడినచో పగులునది వాని తలయే. టోపీ నియమము ప్రధానముగా వానికొరకే.

ఆ కార్మికుడే షిఫ్టు ముగించుకొని పైకి వచ్చి, పాత జీపెక్కి రామగుండమువైపు బయలుదేరినాడనుకొనుడు. జీపులో సీటు బెల్టు లేదు. ఉన్నను కొందరు పెట్టుకొనరు. “నా బండి, నా ప్రాణము, మీకేమి?” అందురు. ఇట్లు ప్రశ్నించువారు బెల్టును టోపీ జాతిలో చేర్చుచున్నారు. అది సరియైన లెక్కయేనా? దీనికి న్యాయశాస్త్రముకంటె ముందుగా భౌతికశాస్త్రము సమాధానము చెప్పవలసియున్నది.

అయినను చట్టము ఏమనుచున్నదో ముందు తెలిసికొనుట మంచిది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలకు 1993లో చేసిన సవరణవలన, 1994 నుండి తయారగు కార్ల ముందుసీట్లకు బెల్టులు అమర్చుట తయారీదారుల విధి అయినది. వెనుకసీట్ల వంతు ఆ తరువాత వచ్చినది. బెల్టును ధరించు బాధ్యత 138వ నిబంధనలో నున్నది. బెల్టులు అమర్చబడిన వాహనములో డ్రైవరును, అతని ప్రక్కనున్నవారును, ముందునకు చూచు వెనుకసీట్లలోనివారును, బండి కదలుచున్నంతసేపు వానిని ధరింపవలెను. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన 194-బి సెక్షను ప్రకారము, ధరింపనివారికి 1,000 రూపాయల జరిమానా. 14 ఏండ్లలోపు పిల్లలను బెల్టుగాని, వారికి తగిన రక్షణసీటుగాని లేకుండ తీసికొనిపోయినను జరిమానా అంతే.

“బెల్టులు అమర్చబడిన వాహనములో” అను మాటను గమనింపుడు. 1980లలో తయారైన జీపునో అంబాసిడరునో నడుపువాడు, బండిలో బెల్టు మొదటినుండియు లేనిచో, ఈ నిబంధన క్రింద దోషి కాడు. కొన్ననాడు లేని షరతును తరువాత వచ్చి నెత్తిన రుద్దకుండుట న్యాయమే. కాని చట్టమిచ్చిన ఈ మినహాయింపును జడత్వమెన్నడును ఇయ్యదు.

న్యూటను మొదటి సూత్రము మన విద్యార్థులకు కంఠస్థము. కదలుచున్న వస్తువు, బాహ్యబలము పనిచేయనంతవరకు అదే వేగముతో సరళరేఖలో కదలుచుండును. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు జీపు ఒక లారీకి గుద్దుకొని ఆగినదనుకొందము. ఆగినది జీపు మాత్రమే. లోపలి మనిషి ఇంకను సెకనుకు సుమారు 14 మీటర్ల వేగముతో ముందునకు పోవుచునే యున్నాడు. ఇది ఎంతటి వేగము? పది మీటర్ల ఎత్తునుండి, అనగా మూడంతస్తుల మేడపైనుండి, పడినవాడు నేలను తాకు వేగమిది. “ఊరిలోనే గదా, ముప్పదిలో పోవుచున్నాను” అనువాడు కూడ మూడున్నర మీటర్ల ఎత్తునుండి పడినవానితో సమానుడు. వేగము 30 నుండి 60కి పెరిగినచో ఆ ఎత్తు రెట్టింపు కాదు, నాలుగురెట్లై 14 మీటర్లగును. గతిజశక్తి వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగుటయే దీనికి కారణము.

గాయము చేయునది వేగము కాదు, ఆ వేగము ఎంత స్వల్పదూరములో నశించినదను విషయము. వేగముయొక్క వర్గమును, ఆగుటకు పట్టిన దూరమునకు రెట్టింపుచే భాగించినచో ఋణత్వరణము వచ్చును. 50 కిలోమీటర్ల వేగము అరమీటరు దూరములో నశించినచో ఇది గురుత్వ త్వరణమునకు ఇంచుమించు 20 రెట్లు. 60 కిలోల మనిషిపై అప్పుడు పనిచేయు బలము సుమారు 1,200 కిలోల బరువుతో సమానము. అదే వేగము పది సెంటీమీటర్లలో నశించినచో ఆ బలము ఐదురెట్లై, ఆరు టన్నులకు చేరును. బెల్టు లేనివాని ఛాతీ స్టీరింగునకును, తల అద్దమునకును తగిలి ఆగుట ఈ రెండవ విధము.

బెల్టు చేయునదెల్ల మనిషిని బండికి కట్టివేయుటయే. బండి ముందుభాగము నలుగుచు ఆగునంతసేపు అతడును దానితోపాటే ఆగును. పట్టీ కొంచెము సాగి మరికొంత దూరము కలుపును. రెండు అంగుళములకు కొంచెము తక్కువ వెడల్పుగల ఆ పట్టీ, బలమును మెత్తని కడుపుపై గాక కటి యెముకలపైనను, భుజముపైనను, ఛాతీపైనను పంచును. మూడుచోట్ల బిగింపబడు ఈ బెల్టును 1959లో వోల్వో కంపెనీకొరకు రూపొందించిన నిల్స్ బోలిన్ అను స్వీడను ఇంజనీరు, అంతకు పూర్వము యుద్ధవిమానములనుండి చోదకుని బయటికి ఎగురవేయు సీట్లపై పనిచేసినవాడు. మెల్లగా లాగినచో పట్టీ వచ్చును, గుంజినచో రాదు. చుట్టయందలి చిన్న గుండుగాని లోలకముగాని, బండి హఠాత్తుగా తగ్గినప్పుడు జడత్వముచే ముందునకు జరిగి పళ్ళచక్రమును బంధించును. జడత్వమే ప్రమాదము తెచ్చుచున్నది, జడత్వమే తాళము వేయుచున్నది.

బెల్టు లేనివాడు బండిలోనే ఉండునను నమ్మకము కూడ లేదు. 2018 ఆగస్టు 29న నల్లగొండ జిల్లా అన్నెపర్తివద్ద జరిగిన ప్రమాదములో నటుడు, మాజీ రాజ్యసభ సభ్యుడు నందమూరి హరికృష్ణ వాహనమునుండి బయటికి ఎగిరిపడి మరణించెను. ఆయన బెల్టు ధరింపలేదని పోలీసులు తెలిపిరి.

ఇక స్వేచ్ఛ మాట. ఇది మన ప్రాంతమునుండియే సుప్రీంకోర్టువరకు వెళ్ళినది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనముల నిబంధనలక్రింద హైదరాబాదు జంటనగరములలో ద్విచక్రవాహనములు నడుపువారికి హెల్మెట్టు విధింపగా, రాజ్యాంగము 19వ అధికరణములో నిచ్చిన సంచార స్వాతంత్ర్యమునకు ఇది భంగమని ఒకరు వ్యాజ్యము వేసిరి. 1988లో న్యాయస్థానము దానిని త్రోసివేసినది. నియమము నడుపువాని క్షేమముకొరకే యనియు, ప్రాణాంతకమగు ప్రమాదము ప్రజలకు ఇబ్బందియు, రాకపోకలకు ఆటంకమును కలిగించుననియు తెలిపెను. టోపీవంటి హెల్మెట్టు విషయములో కూడ ఇతరుల ప్రసక్తి తప్పలేదన్నమాట.

బెల్టు విషయములో ఇతరుల ప్రసక్తి ఇంకను స్పష్టము. వెనుకసీటులో బెల్టు లేక కూర్చున్న 60 కిలోల పెద్దమనిషి, జీపు ఆగినప్పుడు ముందునకు విసరబడి, బెల్టు పెట్టుకొన్న డ్రైవరు వీపును గుద్దును. ఒడిలోని పదికిలోల బిడ్డ, ఇరువదిరెట్ల ఋణత్వరణమువద్ద, రెండువందల కిలోల బరువై చేతులనుండి జారిపోవును. ఏ తల్లి చేతులును దానిని ఆపజాలవు. జీపు వెనుక ఎదురెదురు బల్లలపై కూర్చున్నవారు ఒకరిపై ఒకరు పడుదురు. అంతేగాక, మొదటి కుదుపుకే సీటునుండి జారిన డ్రైవరు బ్రేకును, స్టీరింగును రెంటిని పోగొట్టుకొనును. బొగ్గు టిప్పర్లును, బూడిద లారీలును తిరుగు రాజీవ్ రహదారిపై, చోదకుడు లేని ఆ బండి ఎవరిమీదికి పోవునో చెప్పలేము. ఒంటరిగా పొలముబాటను పోవువానికి బెల్టు టోపీయే కావచ్చును. నలుగురిని ఎక్కించుకొని పెద్దబాట ఎక్కినవానికి అది బీడీ నియమము.

“పాత ఇనుము గట్టిది, దీనికి బెల్టెందుకు?” అనువారు కలరు. గట్టిదగుట నిజమే, చిక్కును అదే. గట్టి చట్రము నలగదు. నలగనిచో ఆగు దూరము తగ్గును, లోపలివారిపై బలము పెరుగును. క్రొత్త కారు ముందుభాగము అప్పచ్చివలె నలుగుటను చూచి నవ్వుకొందుము గాని, ఆ నలుగుటకొరకే దానిని అట్లు నిర్మించిరి. నీటిలో పడినను మంటలు లేచినను బెల్టు పట్టియుంచునను భయము కొందరిది. మొదటి దెబ్బకు స్పృహ తప్పనివాడే గదా బయటపడగలిగినవాడు. స్పృహ యున్నవానికి బొత్తాము నొక్కుట ఒక క్షణము పని.

పాత బండికి బెల్టు పెట్టించుకొనవచ్చును. కాని రేకుకు రంధ్రము వేసి బోల్టు బిగించినచో ఆ బెల్టు అలంకారమే. టన్నుకు మించిన బలమునకు రేకు చిరిగిపోవును. చట్రమునకు వెల్డింగు చేసిన మందపు పలకకు బిగింపవలెను. మూడవ బిందువు భుజముకంటె దిగువగా నుండరాదు. బట్టకప్పు జీపులో భుజమువద్ద పట్టుకు గట్టి స్తంభముండదు గనుక, ముందు అది నిర్మింపవలసియుండును. తెలిసిన వర్కుషాపులోనే ఈ పని చేయించుకొనవలెను.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. చక్రముల బండిపై మట్టిబొమ్మను కూర్చుండబెట్టి, ఏటవాలు పలకపైనుండి ఇటుకమీదికి వదలవలెను. తరువాత క్రొత్త బొమ్మను సన్నని దారముతో కట్టియు, మరియొకదానిని వెడల్పు రిబ్బనుతో కట్టియు అదే ఎత్తునుండి వదలవలెను. దారము బొమ్మను ఆపును గాని పచ్చిమట్టిని కోయును. రిబ్బను ఎంత లోతుగా దిగినదో స్కేలుతో కొలిచి, పలక ఎత్తు రెట్టింపు చేసి మరల కొలువుడు.