స్ట్రాటోస్ఫియరు వేడిమిని ఉపగ్రహములు కొలిచే తీరు

మే నెల మధ్యాహ్నము కనిగిరి బజారులో నడచినవారికి నేల వేడి సంగతి చెప్పనక్కరలేదు. అక్కడినుండి నిట్టనిలువుగా 17 కిలోమీటర్లు పైకి పోగలిగితే గాలి ఉష్ణోగ్రత సున్నకు దిగువ 80 డిగ్రీల సెంటీగ్రేడు దాకా పడిపోయి ఉంటుంది. ఇంకా పైకి పోతే చిత్రముగా మరల వేడెక్కుతూ, 48 కిలోమీటర్ల ఎత్తున సున్న డిగ్రీల దాపుకు వస్తుంది. ఓజోను వాయువు సూర్యుని అతినీలలోహిత కిరణములను పీల్చుకొనుటయే ఇందుకు కారణము. ఈ పై అంతస్తునే స్ట్రాటోస్ఫియరు అంటారు.

ఏటేటా అది వేడెక్కితే మనకేమి, చల్లబడితే మనకేమి అని అడుగవచ్చును. భూమి వేడెక్కుటకు సూర్యుడే కారణమైతే పై గాలి, కింది గాలి రెండూ వేడెక్కవలెను. బొగ్గుపులుసు వాయువు కారణమైతే కింద వేడెక్కి, పైన చల్లబడవలెను. ఏలయన పలుచని పై గాలిలో ఆ వాయువు వేడిమిని అంతరిక్షములోనికి వెదజల్లుతుంది. మనాబే, వెదరాల్డు అను శాస్త్రజ్ఞులు దీనిని 1967లోనే లెక్కకట్టి చూపినారు. లెక్కను కొలతతో సరిచూడవలెను గదా!

వాతావరణ బెలూనులు సాధారణముగా 30 కిలోమీటర్ల దరిదాపుల్లో పగిలిపోతవి. అందువల్ల 1978లో ప్రయోగించిన టైరాస్-ఎన్ ఉపగ్రహము మొదలుకొని, బ్రిటిషు వాతావరణ శాఖ తయారుచేసిన ఒక పరికరమును అమెరికా ఉపగ్రహములలో అమర్చినారు. బొగ్గుపులుసు వాయువు 15 మైక్రానుల దగ్గర, కంటికి కనబడని పరారుణ కిరణములను వెలువరిస్తుంది. వాయువు వెచ్చనైనకొద్దీ ఆ కిరణముల జోరు హెచ్చు.

ఏ ఎత్తునుండి వచ్చినవో తెలియుట ఎట్లు? చెరువునీరు బురదగా ఉంటే పైపొర మాత్రమే కనిపిస్తుంది. తేరినకొద్దీ లోతు కనిపిస్తుంది. అట్లే, వాయువు బాగుగా పీల్చుకొనే తరంగములలో చూస్తే పైపొరే తెలుస్తుంది. అంతగా పీల్చుకొనని వాటిలో అడుగుపొర తెలుస్తుంది. పరికరములోని చిన్న గదులలో అదే వాయువును నింపి, దాని పీడనమును హెచ్చుతగ్గులు చేస్తూ తరంగములను వడగట్టినారు. ఇట్లు సుమారు 29, 37, 45 కిలోమీటర్ల ఎత్తులు చిక్కినవి. అయితే ఒక్కొక్క కొలత పలుచని పొరది కాదు, అనేక కిలోమీటర్ల మందముగల గాలి సగటు.

చిక్కులు ఇక్కడినుండే మొదలైనవి. గదులలోని వాయువు కొద్దికొద్దిగా కారిపోగా, చూచే ఎత్తు మారినది. ఉపగ్రహము దారి జరిగినకొద్దీ ఒకే చోటికి వచ్చే వేళ మారినది. పగటి వేడి, రాత్రి వేడి కలగాపులగమైనవి. ఇంకొకటి మరీ తమాషా: గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ చెరువు బురదయైనట్లే. పరికరము ఇంకా పైపొరను చూస్తుంది. అక్కడ సహజముగానే వేడి ఎక్కువ; కనుక నిజముగా జరిగిన చల్లదనము తక్కువగా కనిపిస్తుంది! కొలిచే వస్తువే కొలబద్దను జరిపినదన్నమాట. అమెరికా, బ్రిటను వారు ఇవే కొలతలను వేర్వేరుగా సవరించగా ఫలితములు పొసగలేదు. 2012లో ఈ తేడా బహిరంగ చర్చకు వచ్చిన పిమ్మట ఇరువురూ తమ లెక్కలను తిరగవ్రాసినారు. అప్పుడు చాలావరకు దగ్గరపడినవి. పై స్ట్రాటోస్ఫియరు 1979 నుండి పదేళ్లకు అర డిగ్రీకి పైగా చల్లబడినదని తేలినది. కింది స్ట్రాటోస్ఫియరు కథ వేరు. అక్కడ ఓజోను తరుగుదల, 1982లో ఎల్ చిచోన్, 1991లో పినటూబో అగ్నిపర్వతముల ధూళి కూడ కలిసినవి.

ఉపగ్రహమును నేలనుండి సరిచూచే సాధనములలో ఒకటి మనకు దగ్గరలోనే ఉన్నది. కనిగిరికి దక్షిణముగా, తిరుపతి చేరువలోని గాదంకిలో 1998లో లైడారు నెలకొల్పినారు. ఆకుపచ్చని లేజరు కాంతిని ఆకాశములోనికి పంపి, గాలి అణువులు వెనుకకు చెదరగొట్టిన వెలుగునుబట్టి సాంద్రతను, దానినుండి ఉష్ణోగ్రతను 30 కిలోమీటర్లకు పైన లెక్కిస్తారు. పొరలను విడివిడిగా చూపుటలో ఇది ఉపగ్రహమును మించినది. కాని రాత్రివేళ, మబ్బులేనప్పుడే పనిచేస్తుంది. వానకాలములో చేతులు కట్టుకొని కూర్చోవలసినదే.

పాత పరారుణ పరికరముల పని 2006లో ముగిసినది. 1998లోనే వేరొక సాధనము, ప్రాణవాయువు వెలువరించే సూక్ష్మతరంగములను కొలిచేది, కక్ష్యలో చేరినది. ఆ ఎనిమిది సంవత్సరములు రెండూ కలిసి పనిచేయుటవల్లనే పాత కొలతల పోగును కొత్తదానితో ముడివేయుట సాధ్యమైనది.