వేటగాని తూటా

పెద్ద మృగముల వేటను గూర్చి మనము వినిన కథలలో వేటగాని గుండెదిటవునకే పెద్దపీట. అతని తూటాను గూర్చి చెప్పువారు అరుదు. కాని పులి, ఏనుగు, అడవిదున్న వంటి మృగముల యెదుట వేటగాని గురి యెంత ముఖ్యమో, తూటా తయారీయు అంత ముఖ్యము.

తూటాలో నాలుగు భాగములు కలవు: ఇత్తడి డొల్ల, దాని అడుగున నిప్పు పుట్టించు ప్రైమరు, లోపల మందు, పైన బిగించిన గుండు. తుపాకి మీట నొక్కగానే ప్రైమరు రగిలి మందును అంటించును. మందు కాలి వాయువుగా మారును. ఆ వాయువు ఒత్తిడికి గుండు నాళము గుండ దూసికొనిపోవును. డొల్ల మాత్రము మిగులును. దానిని శుభ్రపరచి, సరియైన కొలతకు నొక్కి, క్రొత్త ప్రైమరును మందును గుండును అమర్చి మరల వాడుకొనవచ్చును. అమెరికాలో పలువురు వేటగాండ్రు ఈ పనిని ఇంటిలోనే చేసికొందురు. మందును వారు గ్రెయినులలో తూచెదరు. ఒక పౌనునకు 7000 గ్రెయినులు. ఇంత సన్నని తూకము ఎందుకనగా, మందు హెచ్చినచో ఒత్తిడి పెరిగి తుపాకియే పగులవచ్చును; తగ్గినచో గుండు వేగము తగ్గి, గురిపెట్టిన చోటికంటె క్రిందుగా తగులును.

ఎండ కూడ ఈ లెక్కను మార్చును. 1889లో ఇంగ్లండులో కార్డైటు అను పొగలేని మందు రూపొందెను. అది వేడెక్కిన కొలది త్వరగా కాలి ఒత్తిడిని పెంచును. ఒత్తిడి మితిమీరినచో డొల్ల ఉబ్బి తుపాకిలోనే పట్టుకొనిపోవును. మృగము మీదికి వచ్చుచుండగా రెండవ తూటా పెట్టుటకు వీలుకాని తుపాకి చేతికఱ్ఱతో సమానము. అందుచేత మన దేశము, ఆఫ్రికా వంటి ఉష్ణప్రదేశములకై చేసిన తుపాకులకు పెద్ద డొల్లలుగల తూటాలను రూపొందించి ఒత్తిడిని తక్కువగా నుంచిరి.

గుండులోను భేదము కలదు. మెత్తని మొనగల గుండు శరీరములో విచ్చుకొనును. పులికి అట్టిది వాడెడివారు. ఏనుగు కపాలమును ఛేదించుటకు విచ్చుకొనని గట్టి గుండు కావలెను. ఈ ఎంపిక తప్పినను, గురి తప్పినను మృగము గాయముతో అడవిలోనికి పోవును. ఆపైన ముప్పు వేటగానికి కాదు, చుట్టుప్రక్కల పల్లెలకు.

కుమావూ కొండలలోని చంపావత్ ఆడపులి కథ ఇందుకు సాక్ష్యము. నేపాళములోను కుమావూలోను అది 436 మందిని చంపినదని జిమ్ కార్బెట్ వ్రాసెను. 1907లో దానిని చంపినప్పుడు అతడు మూడు తూటాలు మాత్రమే వెంట తెచ్చుకొనెను. అవి అయిపోయిన పిదపను పులి చావలేదు. అతడు పరుగున పోయి తహసీల్దారు తుపాకి తెచ్చి పని ముగించెను. తరువాత నోరు తెరచి చూడగా కుడిప్రక్క కోరలు, మీదిదియు క్రిందిదియు, విరిగియుండెను. అది పాత తుపాకి గాయమనియు, దానివలననే అడవి జంతువులను పట్టలేక మనుష్యులపై పడినదనియు అతడు నిర్ణయించెను. నరమాంసభక్షకములైన పులులలో పదింట తొమ్మిది గాయములచేతనే అట్లు మారుచున్నవని 1944లో వెలువడిన తన గ్రంథమున వ్రాసెను.

మన దేశములో వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. నేడు వినోదమునకై పులిని వేటాడుట నేరము. మనుష్యుల ప్రాణములకు ముప్పుగా నున్న పులిని సైతము మొదట పట్టుకొనుటకో, మత్తుమందిచ్చి తరలించుటకో యత్నింపవలెను. అవి సాధ్యముకానప్పుడే రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షకుడు కారణములు వ్రాసి అనుమతి నీయవచ్చును. తూటాలు తయారుచేయుటకును 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు ఉండవలెను.

గాయపడిన పులి యేదైన గ్రామ సమీపమున కనిపించినచో మనము చేయవలసినది ఒక్కటే. గుంపుగా వెంబడింపక, నాటుతుపాకులతో కాల్పక, వెంటనే అటవీశాఖవారికి తెలుపవలెను. తొందరపడి కాల్చిన ఒక్క గుండు ఎన్ని కుటుంబములకు దుఃఖము తెచ్చునో చంపావత్ గ్రామములవారు అనుభవించిరి.