కనకుండానే తల్లి అయిన పంతులమ్మ

పూనా నగరపు వీధుల్లో ప్రతి ఉదయమూ ఒక యువతి చేతిసంచితో బడికి బయలుదేరేది. ఆ సంచిలో పుస్తకాలతోపాటు ఒక చీర కూడా ఉండేది. దారిపొడవునా ఆమెపై పేడ, బురద, రాళ్ళు పడేవి. బడి చేరగానే మలినమైన చీర మార్చుకుని, ఏమీ జరగనట్లుగా ఆమె పాఠం ఆరంభించేది. ఆడపిల్లలకు అక్షరాలు నేర్పటమే ఆమె చేసిన అపరాధం. ఆ యువతి సావిత్రీబాయి ఫూలే.

ఆమె 1831వ సంవత్సరం జనవరి 3న సతారా జిల్లాలోని నాయిగావ్ గ్రామంలో జన్మించారు. తొమ్మిదవ యేట పదమూడేళ్ళ జ్యోతిరావుతో వివాహం జరిగింది. అప్పటికామెకు చదువు రాదు. ఓనమాలు దిద్దించినవాడు భర్తే. తరువాత ఉపాధ్యాయ శిక్షణ కూడా పొందారు. 1848లో పూనాలోని భిడే వాడలో దంపతులు బాలికల కోసం పాఠశాల నెలకొల్పారు. భారతీయులు స్వయంగా స్థాపించిన తొలి బాలికా పాఠశాలల్లో అది ఒకటి. మరుసటి సంవత్సరమే, లోకనిందకు వెరచిన మామగారు కొడుకునూ కోడలినీ ఇల్లు విడిచి పొమ్మన్నారు. వారు ఇల్లు విడిచారు గాని బడి విడువలేదు. అస్పృశ్యులుగా ఎంచబడిన మహర్, మాంగ్ కులాల పిల్లలకు కూడా తలుపులు తెరిచారు. పేదపిల్లలు మధ్యలో చదువు మానకుండా ఉపకార వేతనాలు ఇచ్చారు.

ఆ శ్రమ వృథా కాలేదు. 1855లో వారి విద్యార్థిని, మాంగ్ కులానికి చెందిన ముక్త అనే బాలిక, తన వారు పడుతున్న బాధలను గురించి ఒక వ్యాసం వ్రాయగా ‘జ్ఞానోదయ’ పత్రిక దానిని ప్రకటించింది. తరతరాలుగా నోరు మెదపని వాడనుంచి ఒక చిన్నారి లోకాన్ని ప్రశ్నించింది.

సావిత్రీబాయికి సంతానం కలుగలేదు. కాని ఆ కాలంలో, పుట్టీ పుట్టకముందే ప్రాణం పోగొట్టుకుంటున్న బిడ్డలు ఎందరో ఉండేవారు. బాల్యంలోనే వైధవ్యం ప్రాప్తించి, మోసపోయి గర్భవతులైన స్త్రీలకు రెండే దారులు కనబడేవి: తాము చావటం, లేదా పుట్టిన శిశువును చంపటం. 1863లో ఫూలే దంపతులు తమ ఇంటనే వారికి ఒక ఆశ్రయం ఏర్పరచారు. వితంతువులు రహస్యంగా వచ్చి సురక్షితంగా ప్రసవించవచ్చు. ఇష్టమైతే బిడ్డను తీసుకుపోవచ్చు, లేకుంటే అక్కడే విడిచి వెళ్ళవచ్చు. ఎవరూ కులం అడగరు, తప్పు ఎంచరు. అలా ఆశ్రయం పొందిన ఒక బ్రాహ్మణ వితంతువు కన్న మగశిశువును సావిత్రీబాయి దత్తు తీసుకున్నారు. యశ్వంత్ అని పేరు పెట్టి, పెంచి, డాక్టరును చేశారు.

1890 నవంబరు 28న జ్యోతిరావు మరణించారు. పెంపుడు కొడుకుకు అంత్యక్రియలు జరిపే హక్కు లేదని బంధువులు అభ్యంతరం లేవదీశారు. శవం ముందు వాదులాటలు సాగుతుండగా సావిత్రీబాయి ముందుకు వచ్చి, తానే నిప్పుకుండ చేతపట్టి శవయాత్రకు అగ్రభాగాన నడిచారు. స్త్రీలు శ్మశానానికి పోకూడదన్న రోజులవి. భర్త అనంతరం సత్యశోధక సమాజం బాధ్యతను కూడా ఆమె వహించారు.

1897లో పూనాను ప్లేగు కబళించింది. నగరం వెలుపల సాసణే తోటలో తల్లీ కొడుకులు చికిత్సా శిబిరం తెరిచారు. యశ్వంత్ మందులిచ్చేవాడు, ఆమె రోగులను చేర్చేవారు. ప్లేగు సోకినవారి దగ్గరకు అయినవారే వెళ్ళటానికి జంకుతున్న సమయమది. తన కొడుకును ఆ ప్రమాదంలోకి పిలిచింది ఆమే. తాను వెనుకంజ వేస్తే ఆ పిలుపుకు అర్థం ఉండదు.

ముంఢ్వా గ్రామపు మహర్‌వాడలో ఒక బాలుడు వ్యాధితో పడి ఉన్నాడని కబురు వచ్చింది. అరవై ఆరేళ్ళ సావిత్రీబాయి స్వయంగా వెళ్ళి, ఆ పిల్లవాడిని వీపున వేసుకుని శిబిరానికి మోసుకు వచ్చారు. దారిలో ఆ స్పర్శతోనే వ్యాధి ఆమెకు అంటుకున్నదని చెబుతారు. మార్చి 10న ఆమె కన్నుమూశారు.

2014లో పూనా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. 2025లో తెలంగాణ ప్రభుత్వం ఆమె జన్మదినాన్ని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. ఒకనాడు ఏ అక్షరాల కోసం ఆమె బురదచీర మార్చుకోవలసి వచ్చిందో, ఆ అక్షరాలను నేడు లక్షలాది ఆడపిల్లలు నిర్భయంగా దిద్దుకుంటున్నారు.

వీపున మోసి తెచ్చిన ఆ పిల్లవాడు మాత్రం బ్రతికాడు.