ప్రొబేషన్ షరతు - గంజాయి మూత్రపరీక్ష: పల్నాడు నేపథ్యంలో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:
గంజాయి సేవించినట్లు రుజువైన ఒక యువకుణ్ణి న్యాయస్థానం జైలుకు బదులు చికిత్సకు పంపిందనుకుందాం. మూడు వారాల తరువాత అతని మూత్రపరీక్ష ఫలితం ‘పాజిటివ్’ అని వచ్చింది. అతడు షరతు తప్పినట్లేనా? నరసరావుపేటలోనైనా, గురజాలలోనైనా ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే చట్టాన్నీ, రసాయనశాస్త్రాన్నీ కలిపి చదవాలి.

చట్టం:
మాదకద్రవ్యాల చట్టం (1985) 27వ సెక్షన్ సేవనాన్నే నేరంగా పరిగణిస్తుంది. గంజాయి విషయంలో శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే దోషి వ్యసనపరుడైతే, 39వ సెక్షన్ ప్రకారం అతని సమ్మతితో, పూచీకత్తుపై చికిత్సకు విడుదల చేయవచ్చు. ఏడాదికి మించని గడువులో అతడు చికిత్స ఫలితాన్ని తెలిపే నివేదికను కోర్టుకు సమర్పించాలి. ఆ నివేదిక ఆధారంగా కోర్టు అతణ్ణి మందలించి, మూడేళ్లకు మించని కాలానికి మరో పూచీకత్తుపై విడిచిపెట్టవచ్చు. ఈ రెండు దశల్లోనూ అతడు ఆ చట్టం నాలుగో అధ్యాయంలోని ఏ నేరమూ చేయరాదు. సేవనం కూడా ఆ అధ్యాయంలోనిదే. కనుక ‘పాజిటివ్’ ఫలితం షరతు ఉల్లంఘనకు రుజువుగా కనిపిస్తుంది. నిజానికి ఈ సెక్షన్ కోరుతున్నది చికిత్స నివేదికనే. మూత్రపరీక్ష ప్రస్తావన అందులో లేదు.

పరీక్ష:
గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో కరుగుతుంది. దాని నుంచి శరీరంలో ఏర్పడే పదార్థం నెమ్మదిగా మూత్రంలోకి వస్తుంది. ఒక్కసారి సేవించినవారిలో అది సుమారు మూడు రోజులు కనిపిస్తే, చాలాకాలం రోజూ సేవించినవారిలో మానేసిన నెల తరువాత కూడా కనిపించవచ్చు. పరీక్ష పట్టీ ‘ఉంది’ అని చెబుతుంది. ‘ఎప్పుడు సేవించాడు’ అని చెప్పదు. ఎక్కువ నీళ్లు తాగితే మూత్రం పలుచబడి ఫలితం మారుతుంది. అందువల్ల క్రియాటినిన్‌తో పోల్చిన మోతాదును కొన్ని వారాల వ్యవధిలో పలుమార్లు కొలవాలి. అది క్రమంగా తగ్గుతుంటే మానినట్లు, తగ్గినది మళ్లీ స్పష్టంగా పెరిగితే కొత్తగా సేవించినట్లు భావించవచ్చు. పట్టీ ఫలితాన్ని ప్రయోగశాలలో మాస్ స్పెక్ట్రోమెట్రీతో ధ్రువీకరించాలి.

ముగింపు:
పలుమార్లు పరీక్ష అంటే పలుమార్లు ప్రయాణం. మాచర్ల నుంచి గుంటూరుకు వంద కిలోమీటర్లకు పైనే. మిరపకోతల కాలంలో అలా వెళ్లిరావడమంటే ఒక రోజు కూలి పోవడమే. రాలేకపోయినవాణ్ణి తప్పించుకున్నవాడిగా లెక్కించడం, తొలి ‘పాజిటివ్’నే నేరంగా చదవడం రెండూ 39వ సెక్షన్ ఉద్దేశాన్ని దెబ్బతీస్తాయి. చికిత్సలో ఉన్నవాడి విషయంలో పరీక్ష వైద్యుడి చేతి కొలబద్దగా ఉండాలి. ఒంటరి సాక్ష్యంగా నిలవకూడదు.