కెర్గ్యులెన్ క్యాబేజీ

కెర్గ్యులెన్ క్యాబేజీ (శాస్త్రీయ నామం: ప్రింగ్లియా యాంటిస్కార్బ్యుటికా) ఆవాలు, ముల్లంగి చెందిన బ్రాసికేసి కుటుంబానికే చెందిన బహువార్షిక మొక్క. ప్రింగ్లియా ప్రజాతిలో ఇదొక్కటే జాతి. ఇది దక్షిణ హిందూ మహాసముద్రంలోని కెర్గ్యులెన్, క్రోజె, ప్రిన్స్ ఎడ్వర్డ్, హెర్డ్ దీవులలో సహజంగా పెరుగుతుంది.

లక్షణాలు

దీని పెద్ద ఆకులు క్యాబేజీ వలె గుత్తిగా ఉంటాయి. ఎగిరే కీటకాలు అరుదైన ఆ చలి దీవులలో పరాగసంపర్కానికి ఇది కీటకాలపై ఆధారపడదు.

ఆహారంగా

ఆకులు ఘాటుగా ఉంటాయి. వీటిలో సి విటమిన్ సమృద్ధిగా ఉంటుంది. 1776లో కెప్టెన్ కుక్ యాత్రలోని వైద్యుడు విలియం ఆండర్సన్ ఈ మొక్కను గుర్తించాడు. 1840లో వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్ ప్రయాణించిన నౌకల సిబ్బంది దీనిని ఉప్పుమాంసంతో ఉడికించి తిన్నారు. సి విటమిన్ లోపం వలన నావికులకు వచ్చే స్కర్వీ వ్యాధిని నివారిస్తుంది కనుకనే దీనికి "యాంటిస్కార్బ్యుటికా" అను పేరు వచ్చింది.

ముప్పు

1874లో కెర్గ్యులెన్‌లో విడిచిన కుందేళ్ళు విస్తరించి, అనేక ప్రాంతాలలో ఈ మొక్కను తుడిచిపెట్టాయి. అక్కడ ఇది ముఖ్యంగా కుందేళ్ళు లేని చిన్న దీవులలోను, అవి చేరలేని కొండచరియలపైన మిగిలింది.