గోడ ఏడ అయిపోయింది, తలుపు ఏడ షురువైంది?

పోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఇంటికి రంగులు వేయించారు. శ్రావణంలో అక్క పెళ్లి. "నువ్వు కంప్యూటర్లు చదువుతున్నవ్ కదా, ఏ గదికి ఏ రంగో నువ్వే చూడు" అని నాన్న ఆ పని నాకు అప్పగించారు. కంప్యూటర్ సైన్స్‌కీ గోడల రంగులకీ సంబంధం ఏంటని నేను అడగలేదు. నిజం చెప్పాలంటే సంతోషంగానే ఒప్పుకున్నాను. పింటరెస్ట్‌లో నాకు అప్పటికే ఒక ఫోల్డర్ రెడీగా ఉంది.

ఆ పనిలో నేను చేసిన తప్పుల గురించి, వాటి వల్ల రంగుల గురించి తెలుసుకున్న విషయాల గురించి ఈ వ్యాసం. మీ చేతికి కూడా ఎప్పుడో ఒకప్పుడు షేడ్ కార్డ్ వస్తుంది. అప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను. నేను తెలుగుని సెకండ్ లాంగ్వేజ్‌గా చదివిన బ్యాచ్, భాషలో తప్పులుంటే సర్దుకోండి.

ఫోన్‌లో రంగు, గోడ మీద రంగు

మాది జనగామలో పాత ఇల్లు. హాల్లో నీలం తాండూరు బండలు. వెనక తర్వాత కట్టిన గది మా బాపమ్మది. ఆ గదికి ఆనుకుని తెల్ల టైల్స్ వేసిన బాత్రూం ఉంది. హాల్‌కి నేను లేత బూడిద రంగు సెలెక్ట్ చేశాను. ఫోన్ ఫోటోలో ఆ రంగు వెచ్చగా, హాయిగా ఉంది. గోడ మీద రెండు కోట్లు పడ్డాక చూస్తే నీలంగా, మబ్బు పట్టినట్టు కనిపించింది. పెయింటర్ అన్న తప్పు కలిపాడేమో అనుకుని కార్డు తెచ్చి గోడకి ఆనించి చూశాను. నంబర్ కరెక్టే.

తప్పు నాదే. ఫోన్ స్క్రీన్ తనే వెలుగు ఇస్తుంది. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఉంటాయి, ఒక్కోదానికి 256 స్థాయిలు. మూడూ కలిపితే 1,67,77,216 రంగులు. గోడకి సొంత వెలుగు లేదు. దాని మీద పడ్డ వెలుగులో కొంత మింగేసి, మిగిలింది మన కంటికి పంపిస్తుంది. అంటే మనకి కనిపించే రంగులో సగం పని పెయింట్‌ది, సగం పని గదిలోని వెలుగుది. మా హాల్ కిటికీ ఉత్తరం వైపు. నేరుగా ఎండ పడేది తక్కువ, ఎక్కువగా వచ్చేది ఆకాశం వెలుగు. అందులో నీలం పాలు ఎక్కువ. కింద నీలం బండలు కూడా తమ రంగుని గోడల మీదికి కొడతాయి. ఫోటోలోని గదిలో సాయంత్రం ఎండ, పసుపు బల్బులు, చెక్క ఫ్లోర్ ఉన్నాయి. నేను పెయింట్ ఒక్కటే తెచ్చుకున్నాను, వెలుగు తెచ్చుకోలేదు.

రాత్రి ఇంకో రంగు. ఎల్ఈడీ బల్బ్ డబ్బా మీద 2700, 3000, 6500 లాంటి నంబర్ ఉంటుంది. 3000 లోపు ఉంటే పసుపు వెలుగు, 6500 అంటే నీలం కలిసిన తెలుపు. ఒక వెలుగులో ఒకేలా కనిపించిన రెండు రంగులు ఇంకో వెలుగులో వేరువేరుగా కనిపించవచ్చు. దీన్ని మెటామెరిజం అంటారు. ఈ మాట నాకు కొత్త, మా అమ్మకి కాదు. చీరకి మ్యాచింగ్ బ్లౌజ్ పీస్ కొనేటప్పుడు అమ్మ ఎప్పుడూ షాపు బయటికి వచ్చి ఎండలో పెట్టి చూస్తుంది. షాపతను విసుక్కున్నా వినదు. గోడ విషయంలో నేను ఆ మాత్రం కూడా చేయలేదు.

ఇంకో సంగతి పెయింటర్ అన్న చెప్పాడు. "కార్డు మీద నచ్చినదానికన్నా ఒక షేడ్ లైట్ తీసుకోవాలె." కార్డు మీద రెండు అంగుళాల ముక్క. గదిలో నాలుగు గోడలూ ఒకదాని రంగు ఒకదాని మీద పడేసుకుంటాయి, అందుకే ముదురుగా కనిపిస్తుంది.

పక్కన ఏ రంగు ఉందన్నది కూడా ముఖ్యమే. పారిస్‌లోని గోబెలిన్స్ నేత కార్ఖానాలో నల్ల రంగు దారం సరిగా నల్లగా లేదని ఒకప్పుడు ఫిర్యాదులొచ్చాయి. అక్కడ అద్దకం పని చూసే షెవ్రల్ అనే కెమిస్ట్ పరీక్షించి చూస్తే దారం బాగానే ఉంది. పక్కన నేసిన నీలం, ఊదా రంగుల వల్ల నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని తేల్చాడు. దాని మీద 1839లో పెద్ద పుస్తకమే వేశాడు. రంగు ఒంటరిగా ఉండదు, పక్కవాళ్లని బట్టి మారుతుంది.

మనం అడగని ప్రశ్న

వెబ్ డిజైన్ చేసినవాళ్లకి హెచ్ఎస్ఎల్ తెలుసు. రంగుకి మూడు గుణాలు. ఒకటి, అది ఏ రంగు: ఎరుపా, పచ్చా, నీలమా. రెండు, ఎంత గాఢంగా ఉంది. మూడు, ఎంత వెలుతురుగా లేదా చీకటిగా ఉంది. ఇంటి రంగుల గురించి మాట్లాడేటప్పుడు మనం మొదటిదే అడుగుతాం. "హాల్‌కి ఏ కలర్ వేశారు?" అంటాం. కానీ గదిలో నడవడానికి, గడియ పట్టుకోవడానికి, స్విచ్ వెతుక్కోవడానికి కంటికి ఎక్కువ పనికొచ్చేది మూడోది. పెయింట్ కంపెనీలు కొన్ని దీన్ని ఎల్ఆర్‌వీ అనే నంబర్‌గా ఇస్తాయి. పడ్డ వెలుగులో ఎంత శాతం వెనక్కి వస్తుందో ఆ నంబర్ చెబుతుంది. నలుపు 0 దగ్గర, తెలుపు 100 దగ్గర ఉంటాయి.

ఇదంతా నాకు రంగులు వేయించాక తెలిసింది. ఎలా తెలిసిందో చెప్తాను.

బాపమ్మ గది

బాపమ్మ గదికి నేను ఒకే ఛాయ స్టైల్ ఎంచుకున్నాను. గోడలు ఐవరీ. అంతకుముందు బ్రౌన్‌గా ఉన్న దర్వాజలు, తలుపులు కూడా ఆఫ్ వైట్. స్విచ్‌బోర్డులు తెలుపు, కర్టెన్లు క్రీమ్. బాత్రూం గుమ్మం దగ్గర కాళ్లు తుడుచుకోవడానికి ఒక పాత ఎర్ర పట్ట ఉండేది. మ్యాచ్ కాలేదని అది తీసేసి క్రీమ్ రంగుది వేశాను. గది ఫోటో తీసి స్టేటస్ పెడితే ఫ్రెండ్స్ అందరూ హోటల్ రూమ్‌లా ఉందన్నారు.

బాపమ్మ మాత్రం మంచం మీద కూర్చుని చుట్టూ చూసి, "ఇదేం తెలుపు బిడ్డా, దవాఖాన లెక్కున్నది. గోడ ఏడ అయిపోయిందో, తలుపు ఏడ షురువైందో తెలుస్తలేదు" అంది. నేను నవ్వాను. పాతకాలం మనిషి, కొత్త స్టైల్ అలవాటు కాలేదు అనుకున్నాను.

పదకొండో రోజు తెల్లవారుజామున బాత్రూం గుమ్మం దగ్గర పడింది. అక్కడ నాలుగు అంగుళాల మెట్టు ఉంది. తెల్ల మెట్టు, పక్కన తెల్ల టైల్స్, ముందు క్రీమ్ పట్ట. ఎముక విరగలేదు. మణికట్టు వాచి మూడు వారాలు కట్టు ఉంచుకోవాల్సి వచ్చింది. పెళ్లి పనుల్లో తన చేత్తో చేయాలనుకున్నవి చాలా చేయలేకపోయింది. ఎవరినీ ఏమీ అనలేదు. "నా కండ్లే మంచిగ లేవు, ఎవల్నేమంటం" అంది. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. పడటానికి పదకొండు రోజుల ముందే ఏం కనిపించట్లేదో ఆమె స్పష్టంగా చెప్పింది కదా.

ఆమెకి 74 ఏళ్లు. కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి ఇంకా కాలేదు. వయసు పెరిగే కొద్దీ కంటిలోని లెన్స్ పసుపు రంగుకి తిరుగుతుంది, నీలం వెలుగుని ఆపేస్తుంది. చీకట్లో కంటిపాప చిన్నప్పటిలా విప్పారదు, కాబట్టి లోపలికి వెళ్లే వెలుగే తక్కువ. దగ్గర దగ్గర ఛాయల మధ్య తేడా ముందు మాయమవుతుంది. చిత్రకారుడు క్లాడ్ మోనే కథ మీలో కొందరికి తెలిసే ఉంటుంది. శుక్లాలు ముదిరిన రోజుల్లో ఆయన బొమ్మలు ఎరుపు, గోధుమ రంగుల్లోకి వెళ్లిపోయాయి. 1923లో ఆపరేషన్ తర్వాత ఆయనకి రంగులు వేరేగా కనిపించాయి. రంగుల మీదే బతికిన మనిషి కన్నే అలా మారితే మా బాపమ్మ కన్ను ఎంత? ఐవరీ, క్రీమ్, తెలుపు అని నా 19 ఏళ్ల కళ్లకి కనిపించిన మూడు రంగులు ఆమెకి ఒక్కటే.

సిగ్గుపడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. అంతకుముందు సెమిస్టర్ వెబ్ ప్రాజెక్ట్‌లో తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద లేత బూడిద అక్షరాలు పెట్టి మార్కులు పోగొట్టుకున్నాను. వెబ్ పేజీల్లో మామూలు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5కి 1 ఉండాలని రూల్. అది బట్టీ పట్టి పరీక్షలో రాశాను కూడా. ఇంటికొచ్చి అదే తప్పు గోడ మీద చేశాను. బ్రిటన్‌లో భవనాలకి కూడా ఇలాంటి లెక్కే ఉంది: గోడకీ తలుపుకీ, పక్కపక్కన ఉండే భాగాలకీ మధ్య ఎల్ఆర్‌వీలో 30 పాయింట్ల తేడా ఉండాలంటారు. నేను వేయించిన గోడా తలుపూ రెండూ 80 పైనే.

అర లీటరు డబ్బాతో

మళ్లీ గదంతా రంగు వేయించడానికి డబ్బులూ లేవు, టైమూ లేదు. అర లీటరు ముదురు బ్రౌన్ ఎనామెల్ డబ్బా, రెండు టేపులు కొన్నాను. గది దర్వాజకి, బాత్రూం దర్వాజకి నేనే బ్రౌన్ వేశాను. స్విచ్‌బోర్డుల చుట్టూ ముదురు రంగు టేపు అంటించాను.

మెట్టు అంచుకి మొదట పసుపు యాంటీ స్కిడ్ టేపు తెచ్చాను. పసుపు బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కదా అని. అంటించే ముందు ఫోన్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీసి చూస్తే టేపు దాదాపు మాయమైంది. పసుపు రంగు వేరే కావచ్చు, వెలుతురులో మాత్రం తెలుపుకి చుట్టమే. రంగు తేడా వేరు, వెలుతురు తేడా వేరు అని నాకు అప్పుడు బుర్రకెక్కింది. షాపుకి వెళ్లి నల్లది మార్చుకొచ్చాను.

ఆ రోజే మా వీధి గుమ్మం గడప కేసి చూశాను. నీలం బండల మధ్య పసుపు పూసిన గడప, పసుపు మీద ముదురు కుంకుమ బొట్లు. దాన్ని కూడా ఫోటో తీశాను. బ్లాక్ అండ్ వైట్‌లో కూడా గడప ఎక్కడుందో, బొట్లు ఎక్కడున్నాయో చక్కగా తెలుస్తోంది. బాపమ్మకి చూపించి ఇది కనిపించడానికే పెట్టేవాళ్లా అని అడిగాను. "లచ్చిమి కోసం పెడ్తం బిడ్డా, కనవడనీకి కాదు" అంది. అదే నిజమై ఉంటుంది. కానీ ఆ గడప దగ్గర ఆమె ఎప్పుడూ తడబడటం నేను చూడలేదు.

మీరు రంగులు ఎంచుకునేటప్పుడు

ముందు మారనివి చూడండి: ఫ్లోర్, వంటింటి గ్రానైట్, చెక్క బీరువాలు. తర్వాత కర్టెన్లు, దుప్పట్లు. పెయింట్ చివర్లో. పెయింట్‌లో వేల షేడ్లు దొరుకుతాయి, నచ్చిన కర్టెన్ గుడ్డ అన్ని రకాల్లో దొరకదు.

కిటికీ ఏ దిక్కుకో చూడండి. ఉత్తరం గదిలో బూడిద, నీలం ఇంకా చల్లబడతాయి, అక్కడ కొంచెం పసుపు ఛాయ ఉన్న రంగులు బాగుంటాయి. పడమటి గదిలో మన ఎండలకి సాయంత్రం గోడలు ఎర్రగా మండుతున్నట్టుంటాయి, అక్కడ లేత చల్లటి రంగులు నయం.

నచ్చిన రెండు మూడు షేడ్లు చిన్న డబ్బాల్లో తెచ్చి, రెండడుగుల ముక్కలుగా గోడ మీద రెండు కోట్లు వేయించండి. పూర్తిగా ఆరాక పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్ వేసి చూడండి. రెండు రోజులు ఆలస్యమైనా ఫర్వాలేదు, ఐదారేళ్లు చూడాల్సిన గోడ.

డెకరేటర్లు 60-30-10 అని ఒక సూత్రం చెప్తారు. గదిలో 60 శాతం ఒక ప్రధాన రంగు, 30 శాతం రెండోది, 10 శాతం కొట్టొచ్చే రంగు. మంచి సూత్రమే. ఆ 10 శాతాన్ని కుషన్ల మీద ఖర్చు పెట్టే ముందు దర్వాజలు, మెట్ల అంచులు, స్విచ్‌లు, గోడకి పట్టుకునే రాడ్ల మీద పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే నిగనిగలాడే గ్లాస్ ఫినిష్ గోడలకి వద్దు. వెలుగు తగిలి కళ్లు చెదురుతాయి. పైగా లప్పం పెట్టడంలోని ఎగుడుదిగుళ్లన్నీ బయటపడతాయి. మ్యాట్ అయితే రెండు బాధలూ ఉండవు.

చివరగా గది మొత్తం బ్లాక్ అండ్ వైట్ ఫోటో తీయండి. తలుపు, మెట్టు, స్విచ్ కనిపించకపోతే ఆ గది ఎవరో ఒకరికి కష్టం పెడుతుంది.

హాల్ గోడలు అలాగే నీలంగా ఉన్నాయి. బల్బులు 3000వి మార్చాక రాత్రిళ్లు ఫర్వాలేదు. ఎర్ర పట్ట మళ్లీ తన చోటికి వచ్చింది, ఉతికి వేశాం. పెళ్లయ్యాక ఒక రోజు బాపమ్మని అడిగాను, నీకసలు ఏ రంగు ఇష్టమని. "పిస్తా రంగు. మొదటి సంది అదే అనుకున్న. ఎవ్వరు అడగలె" అంది. వచ్చే ఎండాకాలం ఆ ఒక్క గదికి మళ్లీ రంగు వేయిస్తాం. డబ్బులు ఇప్పటినుంచే దాస్తున్నాను.